రుచి చూసిన చెయ్యి

"ఇప్పుడు ఎన్ని వేళ్ళు చూపిస్తున్నారు?" వడ్డన కిటికీలో తల పెట్టి అడిగాడు డిటెక్టివ్ ధనంజయ.

వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉన్నది పరంధామ విలాస్ హోటలు యజమాని పరంధామయ్య. తలకు వంటమాస్టరు ఎర్ర తువ్వాలు చుట్టుకున్నాడు. ముఖం పొయ్యి వైపు, వీపు కిటికీ వైపు. తిరుపతిలో హోటలు పెట్టిన నాటినుంచి గల్లాపెట్టె వదిలి ఎరగని మనిషి. పొద్దున్నే ఈ వేషం ఏమిటా అని లోలోపల విసుక్కుంటున్నాడు.

"మూడు సార్. కనపడలేదా?"

కనపడలేదు. ఎర్ర తువ్వాలు, దాని కింద వెడల్పాటి వీపు, అంతే. ధనంజయ ఎడమకు జరిగి చూశాడు, కుడికి జరిగి చూశాడు, మునివేళ్ళ మీద లేచి చూశాడు. పరంధామయ్య చేతులు పరంధామయ్య వీపు చాటునే ఉండిపోయాయి. ధనంజయ హాలు చుట్టి వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కగా ఉన్న సరుకుల గది గుమ్మంలో నిలబడ్డాడు. అక్కణ్ణించి మూడు వేళ్ళూ కనిపించాయి, అందులో ఒకదానికున్న పగడపు ఉంగరం కూడా కనిపించింది.

ఆ గుమ్మం లోపలే మొన్న మంగళవారం హోటలు మేనేజరు వెంకటముని శవం పడి ఉంది. నెత్తి మీద అయిదు కిలోల తూకం గుండు దెబ్బ. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. సరుకుల గదికి వేరే దారి లేదు, వంటింట్లోంచే పోవాలి, వంటింట్లోంచే రావాలి. ఆ సమయంలో వంటింట్లో ఉన్నది వంటమాస్టరు సుబ్బరామయ్యరు ఒక్కడే. నిన్న సాయంత్రం ఆయనే నడుచుకుంటూ పోలీసు స్టేషనుకు పోయి, చంపింది నేనేనని చెప్పి బెంచీ మీద కూర్చున్నాడు. ఇంక ఇందులో డిటెక్టివుకు పనేముందని ఇన్‌స్పెక్టరు గోవిందస్వామి నవ్వాడట. పరంధామయ్య మాత్రం నవ్వలేకపోయాడు. అయ్యరు లేకపోతే రసం లేదు, రసం లేకపోతే హోటలు లేదు. అందుకని ధనంజయ కోసం మనిషిని పంపించాడు.

ధనంజయకూ ఈ కేసులో స్వార్థం లేకపోలేదు. భార్య భారతి అతని మీద అలిగి చిత్తూరులో పుట్టింటికి పోయి నెలలు గడిచాయి. తప్పు తనదేనని తెలిసి కూడా ఒక్క ముక్క రాయలేదు పెద్దమనిషి. ఆ నెలలన్నీ రెండు పూటలా అతని కడుపు నింపింది అయ్యరు చెయ్యే. ఆ రసం మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఇంట్లో ఎవరో తన కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించేది. అలాంటి రసం కాచేవాడు తూకం గుండు ఎత్తి మనిషి నెత్తిన వేస్తాడా అని అతని అనుమానం. నిజానికి అది అనుమానం కాదు, కోరిక. ఆ సంగతి అతనికీ తెలుసు.

అయ్యరు అలవాట్లేమిటని అడగడమే తరువాయి, పరంధామయ్య తువ్వాలు విప్పి మొదలుపెట్టాడు. పన్నెండేళ్ళ కిందట వచ్చాడు, ఒంటిమీద జంధ్యం తప్ప చేతిలో సంచీ కూడా లేదు. ఎవరితోనూ పూసుకు తిరగడు. బీడీ లేదు, వక్కాకు లేదు. మంగళవారం మధ్యాహ్నం హోటలుకు సెలవు. ఆ పూట పప్పు సన్నటి సెగ మీద పడేసి, వంటింటి తలుపులు దగ్గరికి వేసుకుని, సాయంత్రం దాకా రసం పొడి కొట్టుకుంటాడు. ఆ పాళ్ళు ఇంకొకరి కంట పడకూడదు, అందుకని ఆ వేళ ఎవరూ అటు పోరు. ఇవన్నీ ఒక ఎత్తు, అసలు సంగతి ఇంకోటుందని పరంధామయ్య గొంతు తగ్గించాడు.

"రుచి చూడడు సార్. ఇన్నేండ్లలో ఒక్క చుక్క నాలిక మీద వేసుకోగా నేను చూళ్ళేదు. ఆవిరి మొగానికి పట్టించుకుని ఉప్పు చాల్లేదంటాడు, అంతే. దేవుడికి పెట్టకముందే ఎంగిలి చేస్తామా అంటాడు. అంత నిష్ఠ."

ధనంజయ తలూపి, మునికృష్ణను పిలిపించాడు. మునికృష్ణ వడ్డన చేసే కుర్రవాడు. ఒక చెవికే పోగు, నున్నగా దువ్విన జుట్టు, మాటకు ముందు చిరునవ్వు. మంగళవారం హాలు కడిగే వంతు అతనిది. మూడు గంటలప్పుడు వడ్డన కిటికీలోంచి చూశానని పోలీసులకు చెప్పింది అతనే. అదే మాట తడుముకోకుండా మళ్ళీ చెప్పాడు. తలుపు తీసుకుని లోపలికి పోయే ధైర్యం ఎవరికీ ఉండదన్నాడు. మాస్టరు తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకుని పొయ్యి ముందు ఉన్నాడన్నాడు. అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది.

"గరిటెతో పులుసు తీసి అరచేతిలో వేసుకుని నాకి చూసినాడు సార్. మళ్ళా చిటికెడు ఉప్పేసినాడు. మనిషిని చంపి అంత నిబ్బరంగా ఉండాడు."

పరంధామయ్య నోరు తెరవబోతే ధనంజయ ఆయన కాలు తొక్కాడు. కుర్రవాణ్ణి మెచ్చుకుని పంపేశాడు. ఒక్క మాటలో రెండు సంగతులు బయటపడ్డాయి. రుచి చూశారు కాబట్టి పొయ్యి ముందున్నది అయ్యరు కాదు. అరచెయ్యి కనిపించింది కాబట్టి మునికృష్ణ నిలబడింది కిటికీ దగ్గర కాదు, శవం పడి ఉన్న గుమ్మంలో.

మరి అయ్యరెక్కడున్నట్టు? ఆ జవాబు వంటింటి వెనక రేకుల గదిలో, అయ్యరు ట్రంకు పెట్టె వెనక దొరికింది. మోదుగాకు దొప్పలు, ఒకదానిలో ఒకటి దూర్చి, గోడకు ఆనించి, మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. అన్నీ ఎండి పెళుసెక్కాయి. అన్నిటినీ ముల్లు గుచ్చి కుట్టారు. అట్టడుగువి ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. ఖాళీ దొప్పలు దాచుకునే మనిషిని ధనంజయ తన ఉద్యోగంలో ఇంతవరకు చూడలేదు. అన్నిటికంటే పైది మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. అందులో ఉడకబెట్టిన శెనక్కాయలు ఒక్కటీ ఒలవకుండా అలాగే ఉన్నాయి.

కాట్పాడి దారిలో రైలెక్కిన వాడెవడైనా ఆ దొప్పను ఇట్టే చెప్పగలడు. పాకాల ప్లాట్‌ఫారం మీద ఒక ఆవిడ శెనక్కాయలు అలా ముల్లు గుచ్చిన దొప్పలోనే అమ్ముతుంది. వంటింటి వెనక తలుపు తీస్తే సందు, సందు దాటితే రైలు స్టేషను. మంగళవారాలు అయ్యరు కొట్టే రసం పొడి ఏమిటో ధనంజయకు అర్థమైంది. పచ్చి దొప్ప మొన్నటిదే కాబట్టి మొన్న కూడా ఆయన పాకాలలోనే ఉన్నాడు. అంత సులువుగా తేలిపోయినందుకు అతను ఉత్సాహం పట్టలేకపోయాడు.

లాకప్పులో అయ్యరు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పాకాల పేరెత్తగానే తల అడ్డంగా ఊపాడు. తను ఎక్కడికీ పోలేదు, వెంకటమునిని చంపింది తనే, ఇంక అడగవలసింది ఏమీ లేదు. అరవం కలిసిన అయ్యరు తెలుగులో అప్పజెప్పినట్టు చెప్పాడు.

"సరే స్వామీ. మీరు రుచి చూడరు కదా. మరి పొయ్యి కాడ నిలబడి పులుసు అరచేతిలో వేసుకుని చూసిందెవరు?" అన్నాడు ధనంజయ.

అయ్యరు లేచి నిలబడ్డాడు. ఊచల దగ్గరికి వచ్చాడు. ఎవరు చెప్పారని అడిగాడు. మునికృష్ణ చూశాడని, అరచేతిలో వేసుకుని మరీ చూశారట అని ధనంజయ చెప్పాడు. ఆ ముఖంలో భయం కోసం వెతికాడు గానీ అక్కడున్నది భయం కాదు. చాలా కాలంగా ఊరి పొలిమేర దాటి రాని కబురు ఒకటి ఇప్పుడు ఇంటికి చేరినట్టుంది ఆ మనిషికి. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. అయ్యరు తెలుగు ఎటో పోయింది.

"ఉప్పు సాలిందన్న్యారంటనా సామీ?"

"లేదు. ఇంకో చిటికెడు వేశారట."

"ఏస్తారు. నా సెయ్యి ఎప్పుడూ ఉప్పుకాడ ఎనకాడతాది." అని ఆయన అరచెయ్యి చూసుకున్నాడు. అంతలో ఎక్కడున్నాడో గుర్తొచ్చి వెనక్కి జరిగాడు. "నేనే రుచి సూసినా. నేనే సంపినా. నువ్వు పో సామీ, నీకు దండం పెడతా."

బయట వరండాలో ఇన్‌స్పెక్టరు గోవిందస్వామి టీ తాగుతూ కాచుకుని ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఏడాది పోలీసు శిక్షణ పొందినవాళ్ళు. ఒకడు ఉద్యోగం వదిలేశాడు, ఒకడు వదల్లేదు. ఎవరు తెలివైనవాడన్న పంచాయతీ ఇంకా తెగలేదు.

"ఏమబ్బా ధనంజయా, అయ్యరు మంత్రాలేమన్నా నేర్పించినాడా? నేర్పించడు, ఆయప్పకు రావు. ఆయప్ప పేరు కుప్పయ్య. బంగారుపాళ్యం పక్క పల్లె. చర్చికి పోయే కుటుంబం."

ధనంజయ వెనక్కి తిరిగి లాకప్పు వైపు చూశాడు. గోవిందస్వామి ఆ నిమిషాన్ని టీతో పాటు ఆస్వాదించి, మిగతాది చెప్పాడు. స్టేషనులో ఒక కానిస్టేబులుది బంగారుపాళ్యం. కుప్పయ్య కుడిచేతి మీది కాలిన మచ్చ చూసి గుర్తుపట్టాడు. శ్రీహరికోటలో రాకెట్ల కేంద్రం కడుతున్న రోజుల్లో కుప్పయ్య, అతని భార్య అక్కడి కూలీల క్యాంపులో వంట చేసేవాళ్ళు. పులికాట్ సరస్సులో పడవ తిరగబడి అతను పోయాడన్నారు, శవం దొరకలేదు. పోయినవాడు తిరుపతిలో జంధ్యంతో తేలాడు. ఆ రోజుల్లో ఈ వీధి శాకాహార హోటళ్ళలో బ్రాహ్మణ వంటవాడని బోర్డు కట్టనిదే జనం గుమ్మం తొక్కేవాళ్ళు కాదు, ఆ వేషం వేస్తే గాని పొయ్యి దొరకదు. ఆ గుట్టు వెంకటమునికి తెలిసింది, బెదిరించాడు, చచ్చాడు. కథ బాగానే ఉందని ధనంజయ ఒప్పుకున్నాడు, కడుపుమంటతోనే.

తర్వాత తన రెండు మాటలూ చెప్పాడు. రుచి చూడని మనిషి రుచి చూశాడంటున్నారు. కిటికీలోంచి కనపడని అరచెయ్యి చూశానంటున్నాడు మునికృష్ణ. గోవిందస్వామి తెలివి తక్కువవాడు కాదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"సరే. నీ లెక్కన మునికృష్ణ చంపినాడు, పొయ్యి కాడ ఇంకెవరో ఉండారు. ఆ ఇంకెవరో యాడ? ఆ మనిషిని తీసుకొచ్చి నా ముందర నిలబెట్టు. సాయంత్రం ఆరుకి ఈయప్పను మేజిస్ట్రేటు కాడికి తీసుకపోతా. ఆడ కూడా నేనే చంపినానని ఒప్పుకున్నాడంటే, ఆమీట నువ్వూ నేనూ చేసేది ఏమీ ఉండదు. నీకు రసం లేదని నేను కేసు మూసేయలేను కదబ్బా."

పాకాల పాసింజరులో కూర్చున్నంతసేపూ ధనంజయ లెక్క ఒకటే. పొయ్యి దగ్గర ఎవరున్నా సరే, మంగళవారం కుప్పయ్య పాకాలలో ఉన్నాడని ఆ శెనక్కాయల ఆవిడ ఒక్క మాట చెబితే ఆయన ఒడ్డున పడతాడు. ఇదే రైలు ఇంకాసేపటికి చిత్తూరు చేరుతుందని కూడా గుర్తొచ్చింది. భారతి ఈ వేళప్పుడు పెరట్లో బట్టలారేస్తూ ఉంటుంది. ఆ ఆలోచనను కిటికీలోంచి బయటికి తోసి, పాకాలలో దిగాడు.

ఆవిడ పేరు సంతోషమ్మ. నలభై దాటి ఉండవు. రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం చివర కూర్చుని దొప్పలు కుడుతోంది. మంగళవారాలు ముఖాన తువ్వాలు కప్పుకుని ఒకాయన వస్తాడా అని అడిగితే, తల ఎత్తకుండానే వస్తాడంది. మాట్లాడతాడా అంటే మాట్లాడడంది. చెయ్యి చాపుతాడు, దొప్ప పెడుతుంది, అంతే.

"ఎవరో తెలుసా తల్లీ?"

"ఆ సెయ్యి నాకు తెలీకుండా ఉంటాదా సారూ? నూనె సిట్లి కాలినప్పుడు పసరు పోసింది నేనే."

"మరి ఇన్నేండ్లుగా ఎందుకు పలకరించలేదు?"

"పలకరిస్తే మళ్ళా రాడేమోనని."

ధనంజయ ఆవిడ పక్కనే సిమెంటు దిమ్మె మీద కూర్చుండిపోయాడు. ఆవిడ దొప్ప కుడుతూనే చెప్పింది. పడవ మునిగాక ఏడాది తిరక్కుండా అన్నదమ్ములు ఆవిణ్ణి ఇక్కడి రైల్వే గేట్‌మన్ మునెయ్యకు కట్టబెట్టారు. మునెయ్య చెడ్డవాడు కాదు, ఒక్క నాడు కూడా చెయ్యెత్తలేదు. ఎక్కడో మద్రాసు ఆసుపత్రిలో పడి ఉండి లేచి వెతుక్కుంటూ వచ్చిన మనిషి, ఇదే ప్లాట్‌ఫారం మీద ఆవిడ మెడలో కొత్త తాళి చూసి, మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత మంగళవారాలు రావడం మొదలుపెట్టాడు. ఎందుకు మంగళవారమో ఆవిడకు తెలియదు. మంగళవారం తెల్లవారితే మాత్రం తలస్నానం చేసేది.

క్యాంపులో వంట ఎలా చేసేవాళ్ళని ధనంజయ అడిగాడు. అప్పుడు ఆవిడ మొదటిసారి నవ్వింది.

"ఉప్పు ఎంతనేది నేనే సెప్పాల. ఆయన గరిటె నా అరసేతిలో వంచేవాడు, నేను సాలు అనేదాకా ఏస్తానే ఉండేవాడు. తను నోట ఏసుకునేవాడు కాదు. నువ్వు సాలన్నాక నేను సూసేదేముందనేవాడు."

దేవుడి కోసమని పరంధామయ్య చెప్పుకుని మురిసిపోతున్న నిష్ఠ ఎవరి కోసమో ధనంజయకు అప్పుడు తెలిసింది. మొన్న పొయ్యి ముందు పులుసు రుచి చూసిన అరచెయ్యి ఎవరిదో కూడా దాంతో పాటే తెలిసింది. మొన్న మంగళవారం ఆయన ఇక్కడికి వచ్చాడా అని, జవాబుకు భయపడుతూనే అడిగాడు.

"తెలీదు సారూ. మొన్న మంగళారం నేను ఈడ లేను."

అంతకు ముందు మంగళవారం ఆయన రాలేదు. హోటలుకు పెళ్ళివంట తగిలింది, ఆ సంగతి ఆవిడకు తెలియదు. జబ్బు చేసిందో, ఇంకేమయిందోనని ఎనిమిది రోజులు అన్నం సయించలేదు. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాణ్ణి అడిగితే, ఆయన తిరుపతిలో పరంధామ విలాస్ అయ్యరని చెప్పాడు. మొన్న మంగళవారం ఒక దొప్ప చేతపట్టుకుని బస్సెక్కింది. అదే సమయానికి ఆయన రైల్లో పాకాలకు వస్తున్నాడు. పన్నెండేళ్ళలో ఆవిడ కదిలింది ఒక్క రోజు, ఆ ఒక్క రోజూ ఇద్దరూ ఒకరికోసం ఒకరు పోయి ఖాళీ చోటు చూసుకున్నారు.

ఆవిడ వెళ్ళేసరికి హోటలు వెనక తలుపు తీసి ఉంది. వంటింట్లో ఎవరూ లేరు. పప్పుచారు పొంగిపోతోంది. మేకుకు ఎర్ర తువ్వాలు వేలాడుతోంది. దొప్ప రోటి మీద పెట్టి, ఆ తువ్వాలు తీసుకుని ముఖానికి అద్దుకుంది, తర్వాత ముఖం మీదికి దిగేలా తలకు చుట్టుకుంది, చీరకు మసి అంటకుండా పక్కనున్న ఆయన పంచె ఒంటికి కప్పుకుంది. గరిటె అందుకుంది. ఇంతలో పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకడు హాల్లోంచి వచ్చి, వెనకనుంచి అయ్యరూ అని పలకరించి సరుకుల గదిలోకి పోయాడు. అక్కడ ముందే ఎవడో దాక్కుని ఉన్నాడు. నెయ్యి డబ్బాలు వెనక దారిన అమ్ముకుంటున్నావు కదరా దొంగా అన్న మాట వినిపించింది. తర్వాత దబ్బున చప్పుడయింది. పరుగెత్తితే తననూ వదలడని తెలుసు. అందుకని కదలకుండా నిలబడి, పులుసు అరచేతిలో వేసుకుని నాలిక్కి తగిలించింది. గుమ్మంలోకి వచ్చినవాడు అలా చూస్తూ నిలబడి, కాసేపటికి వెళ్ళిపోయాడు. తువ్వాలు అంచు కిందనుంచి ఆవిడా అతన్ని చూసింది.

"ఒక సెవికే పోగుండాది సారూ."

రోటి మీద మిగిలిపోయిన దొప్పే కుప్పయ్య నెత్తిన పిడుగయింది. సాయంత్రం తిరిగి వచ్చి, సరుకుల గదిలో శవాన్ని, రోటి మీద ఆవిడ దొప్పను చూసుకున్నాడు. ఆ దొప్ప తీసి దాచాడు. ఒక రాత్రంతా ఆలోచించుకుని, మర్నాడు పోయి తనే చంపానన్నాడు. ధనంజయ చెబుతుంటే సంతోషమ్మ చేతిలో ముల్లు అలాగే ఆగిపోయింది.

"నేను సంపినాననుకున్న్యాడా?"

"అనుకున్నాడు. అనుకునే మిమ్మల్ని కాపాడుతున్నాడు."

ఆవిడ దొప్పలన్నీ బుట్టలో సర్ది లేచింది. మునెయ్యతో చెప్పి వస్తానంది. గేటు దగ్గర వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ధనంజయకు వినపడలేదు. తిరిగి వచ్చేటప్పుడు బుట్ట మునెయ్య చేతిలో ఉంది. పొడుగ్గా, బక్కగా ఉన్న మనిషి. డ్యూటీ పక్కవాడికి ఒప్పజెప్పి వచ్చాడట. దారి పొడుగునా బస్సులో బుట్ట ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

ఆరు కొట్టక ముందే స్టేషను మెట్లెక్కారు. గోవిందస్వామి అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఎగతాళి చెయ్యలేదు. మునికృష్ణ కోసం వెళ్ళిన కానిస్టేబులు ఉత్తి చేతులతో తిరిగొచ్చాడు. మధ్యాహ్నమే పక్క చుట్టుకుని మద్రాసు బస్సెక్కాడట. గోవిందస్వామి సరిహద్దు స్టేషన్లకు ఫోన్లు చేయించి, కుర్చీ లాక్కుని కూర్చుని, వాంగ్మూలం తనే రాసుకోవడం మొదలుపెట్టాడు. పేరు అడిగాడు. వయసు అడిగాడు. ఆ తర్వాత, అందరినీ అడిగినట్టే, భర్త పేరు అడిగాడు.

మునెయ్య గుమ్మంలో బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊచల వెనక కుప్పయ్య వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. ఇప్పుడు ఆవిడ ఏ పేరు చెబితే అదే రేపు కోర్టులో చదువుతారు, ఎల్లుండి పాకాలలో చెప్పుకుంటారు. ధనంజయకు ఆ ప్రశ్న ఆపాలనిపించింది. గోవిందస్వామికీ అలాగే అనిపించి ఉండాలి, గొంతు తగ్గించి, మునెయ్య అని రాసుకోనా అమ్మా అన్నాడు.

సంతోషమ్మ మునెయ్య వైపు చూసింది. మునెయ్య తల దించుకుని, బుట్ట నేల మీద పెట్టాడు.

"మునెయ్య నన్ను బాగా సూసుకున్న్యాడు సారూ. దినామూ నోరారా ఆ పేరు పెట్టే పిలస్తాను. కానీ మా ఇండ్లల్లో ఆడది మొగుడి పేరు నోట పలకదు."

కొంగు తలమీదికి లాక్కుంది. లాకప్పు వైపు చూపు తిప్పి, మళ్ళీ కిందికి దించుకుంది.

"ఆ పేరు నేను సెప్పకూడదు. లోపల ఉండాడే, ఆయన్నే అడిగి రాసుకోండి."

గోవిందస్వామి కలం పట్టుకుని లేచి, లాకప్పు దగ్గరికి నడిచాడు.